ఒంటికన్ను చూపుతో పటౌడీ టెస్ట్ క్రికెట్ ఎలా ఆడగలిగాడు?

దూరాన్ని అంచనా వేయడానికి మెదడుకు రెండు కళ్లూ తప్పనిసరి కాదు కాబట్టే భారత క్రికెటర్ మన్సూర్ అలీఖాన్ పటౌడీ మళ్లీ ఆడగలిగాడు. 1961 జూలైలో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదం జరిగి, గాజుపెంకు గుచ్చుకుని అతని కుడికన్ను చూపు దాదాపు పోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీలో తొలి టెస్ట్ ఆడాడు!

రెండు కళ్లకూ కనిపించే దృశ్యాల్లోని చిన్న తేడాను బట్టి మెదడు లోతును పసిగడుతుంది. ఆ సాయం లేకపోయినా, దగ్గరికొచ్చే బంతి ఎంత వేగంగా పెద్దదవుతోంది, ఎటు కదులుతోంది అన్నది ఒక్క కంటితోనే తెలుస్తుంది. దానికి అలవాటు పడటమే కష్టం.

హైదరాబాద్‌లో ఎంసీసీ (అప్పట్లో విదేశీ పర్యటనల్లో ఇంగ్లండ్ జట్టు ఆడే పేరు) జట్టుతో జరిగిన మ్యాచ్ చూడండి. కుడికంటికి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటే పటౌడీకి రెండు బంతులు కనిపించాయి. లోపలివైపు బంతినే ఆడుతూ 35 పరుగులు చేశాడు. టీ విరామం తర్వాత లెన్స్ తీసేసి, ఆ కన్ను మూసుకుని 70కి చేరాడు.

అందుకే, అతను కెరీర్ అంతా రెండు బంతుల్లో ఒకదాన్ని ఎంచుకుని కొట్టాడనే మాట నిజం కాదు. చెడిన కన్ను సగంసగం చూపించడమే అసలు ఇబ్బంది. తర్వాత టోపీని కుడికంటి మీదికి లాక్కుని దాన్ని ఆటలోంచే తప్పించాడు. 1964లో ఢిల్లీలో ఇంగ్లండ్‌పై చేసిన 203 నాటౌట్ కూడా ప్రమాదం తర్వాతిదే.