ఫార్న్‌బరోలో ఆ సెప్టెంబర్ మధ్యాహ్నం

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లాండ్‌లో ఒక ఎయిర్ షోలో ఫైటర్ విమానం ముక్కలై జనం మీద పడిందని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిజమేనండీ. 1952 సెప్టెంబర్ 6న, ఫార్న్‌బరోలో. డీ హావిలాండ్ 110 అనే ప్రయోగ దశలోని జెట్ ఫైటర్‌ని జాన్ డెర్రీ నడిపారు, వెంట పరిశీలకుడు టోనీ రిచర్డ్స్. సరిగ్గా అంతకు నాలుగేళ్ల ముందు, అదే తేదీన, ధ్వని వేగాన్ని దాటిన తొలి బ్రిటిష్ పైలట్ ఈ డెర్రీయే, అది తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఎయిర్ షో రోజు కూడా బాగా ఎత్తు నుంచి డైవ్ చేసి, ధ్వని వేగాన్ని దాటినప్పుడు వచ్చే ఆ ఢాం అనే చప్పుడు జనానికి వినిపించి, కిందికొచ్చి వేగంగా మలుపు తిరిగి పైకి లేవబోయేసరికి విమానం గాల్లోనే విడిపోయింది. ఊడిన ఇంజన్ ఒకటి గుట్ట మీద నిలబడి చూస్తున్నవాళ్ల మధ్యకు దూసుకొచ్చింది. ప్రేక్షకులు 29 మంది, విమానంలో ఇద్దరూ చనిపోయారు. మలుపు తిరుగుతూనే పక్కకు దొర్లడంతో పడిన ఒత్తిడికి రెక్క తట్టుకోలేదు. పైలట్ తప్పు కాదు. ఆ తర్వాతే ఎయిర్ షోలలో జెట్ విమానాలు జనానికి ఎంత దూరంలో ఎగరాలో నిబంధనలు గట్టిగా పెట్టారు. ఈ రకం విమానాన్నే బలపరిచి తర్వాత సీ విక్సెన్ పేరుతో నౌకాదళానికి ఇచ్చారు.