జ్ఞానస్నానం సర్టిఫికెట్ తెస్తే సీటిస్తారా?

ప్రశ్న: మా పాప ఐదో తరగతి పూర్తిచేసింది. ఆరో తరగతికి సిస్టర్స్ నడిపే ఒక కతోలిక హైస్కూల్లో అప్లికేషన్ వేశాం. పాపకి ఎంట్రన్స్ పెట్టారు, మా ఇద్దర్నీ పిలిచి మాట్లాడారు. లిస్టులో మాత్రం పేరు లేదు. అడిగితే ‘‘ముందు ఆర్‌సీ (రోమన్ కతోలిక) పిల్లలకి, మిగిలితేనే వేరేవాళ్లకి’’ అన్నారు. ఆఫీసులో ఒకతను మా అప్లికేషన్ వెనకాల పెన్సిల్‌తో ఒక అంకె వేసి, బిల్డింగ్ ఫండ్ కింద ఇది కడితే చూద్దాం అన్నాడు. మా బంధువు ఒకాయన జ్ఞానస్నానం (బాప్తిస్మం) సర్టిఫికెట్ ఎక్కడైనా పుట్టిస్తానంటున్నాడు. మేం హిందువులం, ఎస్సీలం. మతం చూసి సీటివ్వడం చట్టప్రకారం కుదురుతుందా? ప్రైవేటు స్కూళ్లలో బలహీనవర్గాల పిల్లలకిచ్చే పాతిక శాతం కోటా మాకు వర్తించదా?

జవాబు: ముందు ఆ సర్టిఫికెట్ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగతా తప్పులు సరిదిద్దుకోవచ్చు గానీ ఇది సరిదిద్దుకోలేరు. దయచేసి ఆ పని చేయకండి. జ్ఞానస్నానం సర్టిఫికెట్ అంటే ఊరికే ఒక కాగితం కాదు, అది ఫలానా విచారణ (ఒక ప్రాంతపు కతోలికుల పారిష్) గుడిలో ఉన్న రిజిస్టరులోని ఒక వరుసకి నకలు. తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, గురువు (ఫాదర్) సంతకం అన్నీ అక్కడ ఉంటాయి. స్కూలు వాళ్లు ఆ విచారణ గురువుకి ఒక్క ఫోన్ చేస్తే నిజం తేలిపోతుంది. దొంగ సర్టిఫికెట్ అని తేలితే సీటు పోవడం ఒక్కటే కాదు, ఫోర్జరీ కేసు మీ మీదా మీ బంధువు మీదా పడుతుంది.

సరే, నిజంగానే ఇప్పిద్దాం అనుకున్నా చర్చి ఒప్పుకోదు. ఏడేళ్లు దాటిన పిల్లల్ని కతోలిక చర్చి చట్టం ఈ విషయంలో పెద్దవాళ్లతో సమానంగా చూస్తుంది, పాప తనంతట తాను కోరుకోవాలి, కొంతకాలం ఉపదేశం వినాలి. పదేళ్ల పిల్ల చేత సీటు కోసం దేవుడి ముందు ఒక మాట చెప్పించడం నా మనసుకి అస్సలు ఒప్పట్లేదు.

దీనికి మించిన నష్టం ఇంకోటుంది, మీ బంధువుకి తెలుసో లేదో. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి వెళ్తే మన దగ్గర బీసీ-సీ కిందకి వస్తారు, దాని రిజర్వేషన్ 1 శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టర్‌గా పనిచేస్తున్న ఒకాయన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసుని ఇదే కారణంతో కొట్టేసింది. రేపు పాప ఇంజనీరింగ్‌కో ఉద్యోగానికో వెళ్లినప్పుడు, ఆరో తరగతి అడ్మిషన్ ఫైల్లో మీరు పెట్టిన కాగితమే తన కుల ధ్రువీకరణకి అడ్డం పడితే ఏం చేస్తారు? ఈ నిబంధన ఉండాలా లేదా అన్నది వేరే చర్చ, ఇవాళ్టికి చట్టం అలా ఉంది.

ఇక మీ అసలు ప్రశ్న. కతోలిక పిల్లలకి ముందు సీట్లివ్వడం తప్పు కాదు. రాజ్యాంగం 30(1) అధికరణ మైనారిటీలకి తమ విద్యాసంస్థల్ని స్థాపించుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది, ఎవరిని చేర్చుకోవాలన్నది ఆ హక్కులో భాగమే. చర్చి వైపు నుంచి చూసినా, వాళ్ల కానన్ చట్టంలోని 798వ నియమం కతోలిక తల్లిదండ్రుల్ని పిల్లల్ని కతోలిక విద్య దొరికే స్కూళ్లకే పంపమంటుంది, అలాంటప్పుడు వాళ్ల పిల్లలకి ముందు చోటివ్వాల్సిన బాధ్యత స్కూలు మీద ఉంటుంది కదా. అప్లికేషన్‌లో ‘విచారణ పేరు’ అని గడి ఉండేది అందుకే.

అయితే ఈ హక్కుకి హద్దులున్నాయి. మీరు ముందు తేల్చుకోవాల్సింది, అది ఎయిడెడ్ (ప్రభుత్వ ఆర్థిక సాయం అందే) స్కూలా కాదా అన్నది. మన పాత మిషన్ స్కూళ్లు చాలావాటిలో ఒకే ప్రహరీలో ఎయిడెడ్ సెక్షన్ ఒకటి, అన్‌ఎయిడెడ్ ఇంగ్లిష్ మీడియం ఒకటి నడుస్తుంటాయి. అందుకని స్కూలు గురించి కాకుండా మీరు అప్లై చేసిన సెక్షన్ గురించే అడగండి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే చోట కేవలం మతం, కులం, భాష కారణంగా సీటు లేదనకూడదని 29(2) అధికరణ చెబుతుంది. ఈ రెండు అధికరణాలకీ పొత్తు ఎలా కుదర్చాలన్నదాని మీదే సుప్రీంకోర్టు దశాబ్దాలపాటు తలపట్టుకుంది. 1991లో సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ కేసులో సొంతవాళ్లకి సగం దాకా ఇచ్చుకోవచ్చంది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తులు కూర్చుని, అలా ఒకే లెక్క అందరికీ కుదరదు, సొంతవాళ్లకి ప్రాధాన్యం ఇచ్చుకుంటూనే బయటివాళ్లని కూడా తగినంతమందిని చేర్చుకోవాలి, ఆ శాతం రాష్ట్రం నిర్ణయించవచ్చు అన్నారు. అంటే ఎయిడెడ్ సెక్షన్ అయితే ‘‘వేరేవాళ్లకి ఒక్కటీ లేదు’’ అనడం కుదరదు, బయటివాళ్ల సీట్లు కూడా మార్కుల వరసలోనే నింపాలి. అన్‌ఎయిడెడ్ అయితే యాజమాన్యానికి స్వేచ్ఛ చాలా ఎక్కువ. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అక్కడ చదువుతున్నారనో, స్టాఫ్ పిల్లలనో ముందుకు తీసుకోవచ్చు. కానీ పద్ధతి న్యాయంగా, అందరికీ కనిపించేలా ఉండాలన్న మాటని కోర్టులు వాళ్లకీ వదిలిపెట్టలేదు.

పాతిక శాతం కోటా మాత్రం మీకు రాదండీ, రెండు కారణాలతో. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ఆ సీట్లు ఒకటో తరగతిలో, లేదా అంతకన్నా ముందు ఎల్‌కేజీ లాంటివి ఉంటే అక్కడ ఇస్తారు, ఆరో తరగతిలో మధ్యలో చేరేవాళ్లకి కాదు. పైగా 2014లో ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టం మైనారిటీ స్కూళ్లకి, ఎయిడెడ్ అయినా కాకపోయినా, వర్తించదని తేల్చింది. 2025 సెప్టెంబర్ 1న ఇద్దరు న్యాయమూర్తులు ఈ తీర్పు మీద అనుమానం వ్యక్తం చేసి పెద్ద ధర్మాసనానికి పంపాలని ప్రధాన న్యాయమూర్తి ముందు పెట్టారు. అది తేలేవరకూ ప్రమతి తీర్పే చెల్లుతుంది. ఎంట్రన్స్ సంగతీ అంతే. మామూలు ప్రైవేటు స్కూలు ఇలా పిల్లకి పరీక్ష, తల్లిదండ్రులకి ఇంటర్వ్యూ పెడితే విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ కింద మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది, మైనారిటీ స్కూలుకి ఆ సెక్షనే లేదు.

ఇక్కడ ఒక్క మాట. గేటు మీద ‘సెయింట్’ అనో ‘హోలీ’ అనో ఉన్నంత మాత్రాన మైనారిటీ స్కూలైపోదు. చర్చికి ఏ సంబంధమూ లేనివాళ్లు ఆ పేర్లతో నడిపే స్కూళ్లు మన దగ్గర బోలెడు. మీది సిస్టర్స్ నడిపేదే అంటున్నారు కాబట్టి అనుమానం తక్కువే, అయినా మైనారిటీ హోదా ధ్రువపత్రం ఉందా అని అడగడంలో తప్పు లేదు. ఆ హోదా లేకపోతే పైన చెప్పిన మైనారిటీ మినహాయింపులేవీ ఆ స్కూలుకి వర్తించవు.

పెన్సిల్‌తో అంకె వేశాడన్నారే, అది నన్ను బాగా బాధపెట్టింది. మైనారిటీ హక్కు అన్నది డొనేషన్ వసూలుకి లైసెన్స్ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం చేసింది, రెండు రాష్ట్రాల్లోనూ అది ఉంది, అందులో జైలు శిక్ష కూడా ఉంది. అతను యాజమాన్యం చెబితే అడిగాడో, సొంతంగా బేరం పెట్టాడో మనకి తెలియదు, ఇలాంటివి సిస్టర్లకి తెలియకుండా జరగడానికీ ఆస్కారం ఉంది. ఆ అప్లికేషన్ మీ చేతిలో ఉంటే చెరపకుండా దాచండి, రెండువైపులా ఫొటో తీయండి, ఎవరు ఏ రోజు ఏమన్నారో ఈ రాత్రికే ఒక కాగితం మీద రాసి తేదీ వేసుకోండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కట్టొద్దు.

ఇప్పుడు చేయాల్సింది. హెడ్‌మిస్ట్రెస్ పేరున ఒక పేజీ అర్జీ రాయండి. ఆరో తరగతిలో మొత్తం సీట్లెన్ని, అందులో కతోలికేతరులకి ఎన్ని, ఆ సీట్లలో ఆఖరున సీటొచ్చిన పిల్లకి ఎంట్రన్స్‌లో ఎన్ని మార్కులు, మా పాపకెన్ని, అంతే. కోపం, నిందలు వద్దు. ఒక కాపీ మీద స్టాంపు, సంతకం తీసుకోండి, తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పెన్సిల్ సంగతి మాత్రం వేరే ఉత్తరంగా మేత్రాసనం (బిషప్ కార్యాలయం) విద్యావిభాగానికీ, సిస్టర్ల సభ (వాళ్ల సన్యాసినీ సంఘం) పెద్దలకీ పంపండి. చాలాసార్లు కోర్టు కన్నా అక్కడే పని త్వరగా అవుతుంది. ఎయిడెడ్ అయితే డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసులో 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పాప కన్నా తక్కువ మార్కులొచ్చిన బయటి పిల్లలకి సీటిచ్చారని అందులో తేలితే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడానికి మీకు గట్టి ఆధారం దొరికినట్టే. అన్‌ఎయిడెడ్ అయితే రిట్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోమని నేను చెప్పలేను.

ఒకవేళ సీటొస్తే సంతకం పెట్టేముందు ఫారం మొత్తం చదవండి. ప్రార్థనలకీ మతబోధకీ సమ్మతిస్తున్నాం అన్న వాక్యం ఉండొచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలైనా మీ సమ్మతి లేకుండా మీ పాపని వాటిలో కూర్చోబెట్టకూడదని 28(3) అధికరణ అంటుంది. సమ్మతి ఇస్తారా లేదా అన్నది మీ ఇష్టం. మీకు అభ్యంతరం ఉంటే ఆ వాక్యం కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేయండి.

ఈ అర్జీలన్నీ నడుస్తుండగానే పాపని ఇంకో స్కూల్లో చేర్పించేయండి. అలా చేరినంత మాత్రాన ఇక్కడ మీ ఫిర్యాదు బలం తగ్గదు, జూన్‌లో బడి తెరిచేనాటికి పిల్ల ఇంట్లో కూర్చోకుండా ఉంటుంది.