గుయాకిల్ నుంచి మాంటాకు రాత్రి ప్రయాణం: సమాధానం

రాత్రి 11 గంటలకు ఈక్వడార్‌లోని గుయాకిల్‌లో విమానం దిగి, అప్పటికప్పుడే బస్సులో అదే దేశంలోని మాంటా నగరానికి వెళ్లవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. 2023 జులైలో మాంటా మేయర్‌నే కాల్చి చంపారు. 2024 జనవరిలో ఈక్వడార్ ప్రభుత్వం ముఠాలతో అంతర్గత సాయుధ సంఘర్షణ నెలకొన్నట్లు ప్రకటించింది. రాజధాని క్విటో నుంచి మాంటాకు నేరుగా విమానం ఉంది కనుక టికెట్ అటు మార్చుకోండి. కుదరకపోతే విమానాశ్రయం దగ్గరే ఆ రాత్రి బస చేసి, తెల్లవారాక బయలుదేరండి.

నాకు ఎక్కువ ఆందోళన టాక్సీల గురించే. దారిలో మరో ఇద్దరు ఎక్కి, ప్రయాణికుణ్ణి ఏటీఎంల చుట్టూ తిప్పి ఖాతా ఖాళీ చేయించడం అక్కడ పాత నేరమే కాబట్టి, తెల్లటి నంబరు ప్లేటు పైఅంచున నారింజ పట్టీ ఉన్న పసుపు టాక్సీని, అదీ హోటల్ వారు పిలిపించినదాన్నే ఎక్కండి. కొద్ది సొమ్ము మాత్రమే ఉన్న వేరే కార్డు వాడండి. అక్కడ చలామణీ అమెరికన్ డాలరే. 1, 5 డాలర్ల నోట్లు పైజేబులో ఉంచుకుంటే నలుగురిలో పర్సు తెరవనక్కరలేదు. మీ శ్రీమతి గారికి కూడా అక్కడ మీరు ఉండబోయే ఇంటి చిరునామాను స్పానిష్‌లో, అత్యవసర నంబరు 911ను కాగితం మీద రాసి ఇవ్వండి.