లాఫ్ట్‌లో గోడ కట్టించాలా, ఇంటి ధర తగ్గించాలా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మాకు విక్టోరియన్ కాలం (19వ శతాబ్దం) నాటి టెర్రేస్డ్ ఇల్లు, అంటే పక్కిళ్లతో గోడలు కలిసి ఉండే వరస ఇల్లు ఉంది. కొన్నప్పటి నుంచీ అందులోనే ఉంటున్నాం. ఇప్పుడు అమ్ముతుంటే, మా లాఫ్ట్‌కూ (సీలింగ్‌కూ పైకప్పుకూ మధ్య ఉండే ఖాళీ) పక్కింటి లాఫ్ట్‌కూ మధ్య గోడే లేదని కొనేవాళ్ల తరఫున ఇంటిని తనిఖీ చేసిన సర్వేయర్ రాశారు. వాళ్లు 6,000 పౌండ్లు తగ్గించమంటున్నారు. ఇండెమ్నిటీ పాలసీ (ఒక రకం బీమా) తీసుకుంటే చాలని మా ఫ్రెండ్ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వీలైతే గోడ కట్టించే అమ్మండి. ఆ కాలపు వరస ఇళ్లలో చాలాచోట్ల ఉమ్మడి గోడ బెడ్‌రూమ్ సీలింగ్ దగ్గరే ఆగిపోతుంది. పక్కింట్లో మంటలు పైకి ఎగబాకితే పొగా, నిప్పూ నేరుగా మీ కప్పు కిందికి వచ్చేస్తాయి. ఆ కిందే మీరు పడుకుంటారు. కొత్తగా కట్టే ఇళ్లకైతే మధ్య గోడ కప్పు దాకా వెళ్లాలి, 60 నిమిషాలు మంటను ఆపగలగాలి. పాత ఇళ్లకు ఈ నిబంధన వెనక్కి వర్తించదు కాబట్టి మీరు చట్టం తప్పినట్టు కాదు. అందుకే ఇండెమ్నిటీ పాలసీ కూడా ఇక్కడ పనికిరాదు. అది అనుమతి కాగితాలు లేని పనుల కోసం. మీ ఇంట్లో లేనిది కాగితం కాదు, గోడ.

ధర తగ్గించినా సమస్య తీరదు. కొనేవాళ్ల బ్యాంకు గోడ పూర్తయ్యేదాకా లోన్‌లో కొంత ఆపి ఉంచవచ్చు. ఈ బేరం చెడితే తర్వాత వచ్చే సర్వేయరూ అదే రాస్తారు. పైగా విషయం మీకిప్పుడు తెలుసు, అమ్మకం కోసం లాయర్ నింపించే ఫారంలో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే.

ముందు ఇద్దరు బిల్డర్ల దగ్గర కొటేషన్ తీసుకోండి. ఫ్రేమ్ మీద మంటను తట్టుకునే (ఫైర్ రేటెడ్) ప్లాస్టర్‌బోర్డు రెండు పొరలు వేసి, కప్పు దగ్గరి సందుల్లో మంటకు అంటుకోని మినరల్ ఊల్ కూరడం చాలామంది చేసే పద్ధతి. ఇటుక గోడ బరువెక్కువ, ఇంజనీరు చూడకుండా వద్దు. బిల్డింగ్ కంట్రోల్‌కు (నిర్మాణ నిబంధనలు పాటించారో లేదో చూసే విభాగం) ముందే చెప్పి, చివర్లో కంప్లీషన్ సర్టిఫికెట్ తీసుకోండి. మీ బేరంలో బలం ఇచ్చేది అదే. లాఫ్ట్‌లో గబ్బిలాల జాడ ఉంటే పని ఆపేయండి, వాటికి చట్టరక్షణ ఉంది.

పక్కింటివాళ్లతో ఈ వారమే మాట్లాడండి. 1996 నాటి పార్టీ వాల్ (ఉమ్మడి గోడల) చట్టం కింద నోటీసు ఇవ్వాల్సి వస్తే గడువు రెండు నెలల దాకా ఉండొచ్చు. వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే టైమ్ కలిసొస్తుంది. గోడ వాళ్లకూ రక్షణే, ఖర్చులో సగం అడగడానికి మొహమాటపడకండి. రెండోవైపు లాఫ్ట్ కూడా చూశారా?



కొనేవాళ్లు తొందరపెడితే కొటేషన్‌లో ఉన్నంతే తగ్గించండి, వాళ్లు చెప్పిన 6,000 కాదు. పని మొదలయ్యేదాకా ఆగకుండా, ఒకటి మోగితే అన్నీ మోగేలా ప్రతి అంతస్తులో స్మోక్ అలారాలూ, లాఫ్ట్‌లో హీట్ అలారమూ ఇప్పుడే పెట్టించండి.