రోజును ఆటలా ఆడితే చదువు సాగుతుందా? కావలి నుంచి నా అనుభవం

ఉద్యోగం చేసుకుంటూ పోటీ పరీక్షకు చదువుతున్నానని, మొదట్లో ఉన్న ఊపు ఇప్పుడు లేదని, రోజును రోల్‌ప్లేయింగ్ గేమ్‌లా మార్చుకుంటే ఏమైనా ఉపయోగం ఉంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుంది. మాది కావలి. ఎరువుల షాపులో లెక్కలు రాస్తూ గ్రూప్-2కి చదువుతున్నాను. నా చదువు ఈ పద్ధతి మీదే నడుస్తోంది. కాకపోతే పాయింట్లు దేనికి ఇచ్చుకుంటున్నామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఆటల సంగతి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ దగ్గర్నుంచి ఇవాళ ఫోన్లలో ఆడేవాటి దాకా ఒకటే పద్ధతి. మన చేతికి ఒక పాత్ర వస్తుంది. దాని బలానికి, తెలివికి, చురుకుదనానికి అంకెలుంటాయి. ఏదైనా సాధిస్తే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు, అదే ఎక్స్‌పీ, చేరతాయి. అవి నిండితే లెవెల్ పెరుగుతుంది. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కించేదీ, పాము నోట్లో వేసేదీ పాచికే, మనం చేసేదేమీ లేదు. ఈ ఆటల్లో పాచికలున్నా, ఏ పనికి వెళ్లాలో, దేన్ని పెంచుకోవాలో ఆడేవాళ్లే తేల్చుకుంటారు. చేసిన ప్రతి చిన్న పనీ అంకెగా కళ్లముందు కనబడుతుంది. చదువులో లేనిది అదే. రెండు గంటలు పాలిటీ చదివి లేచినా, నిన్నటికీ ఇవాళ్టికీ మనలో ఏం మారిందో మనకే తెలియదు.

నా పాత్రకు గుణాలు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. 2023 నోటిఫికేషన్ ప్రకారం గ్రూప్-2 స్క్రీనింగ్ పరీక్ష 150 మార్కులకు. చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ, ఒక్కోదానికి 30. ఆ ఐదే నా పాత్రకు ఐదు గుణాలు. ఒక లెడ్జర్ పుస్తకం కొని ఒక్కోదానికి కొన్ని పేజీలు కేటాయించాను. ఏ పేజీ వెలవెలబోతోందో తిప్పి చూస్తే చాలు, రేపు ఏం చదవాలో తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. ఎక్స్‌పీని మార్కులకు కట్టకండి, కూర్చుని చేసిన పనికి కట్టండి. మాక్ టెస్టులో ఇన్ని మార్కులు దాటితేనే పాయింట్లు అని పెట్టుకుంటే, పేపర్ కష్టంగా వచ్చిన రోజు ఎంత చదివినా సున్నానే మిగులుతుంది. పోస్టులెన్నో, కటాఫ్ ఎంతో, పరీక్ష ఎప్పుడో మన చేతిలో లేదు. అవన్నీ తేలేదాకా మనసు నిలబడాలంటే, ఈ రాత్రి నేను ఖచ్చితంగా చేయగలిగిన పనికే పాయింటు పడాలి. నా పట్టికలో ఇరవై నిమిషాలు కదలకుండా చదివితే 10. పాత టెస్టులో తప్పు పెట్టిన ప్రశ్నను మళ్లీ చేసి, ఎందుకు తప్పయిందో పక్కన రాస్తే 15, ఎందుకంటే ఆ పని చేయాలంటే ఎవరికైనా బద్ధకమే. బాగా వచ్చిన పాఠాన్నే మళ్లీ చదివితే 3 మాత్రమే. చాలా గేముల్లోనూ అంతే, లెవెల్ పెరిగాక చిన్న శత్రువుల మీద వచ్చే ఎక్స్‌పీ తగ్గిపోతుంది. ఈ ఒక్క నియమం వల్ల నాకు ఇష్టమైన చరిత్ర వదిలి మెంటల్ ఎబిలిటీ వైపు వెళ్లాను.

ఓపిక లేని రోజుకు కూడా ఒక పని రాసిపెట్టుకోండి. రబీ నాట్లు ముమ్మరంగా ఉన్నప్పుడు షాపులో రాత్రిదాకా రైతులు ఉంటారు, ఇంటికొచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. ఆ రోజులకు నా పని ఐదు ప్రశ్నలు. అంతే. ఐదు చేసినా లెడ్జర్‌లో ఆ తేదీ కింద ఒక అంకె పడుతుంది, మర్నాడు పుస్తకం తెరవడానికి భయం వేయదు.

యాప్ కావాలంటే హాబిటికా ఉంది. 2013లో హాబిట్‌ఆర్‌పీజీ పేరుతో వచ్చింది. అందులో రోజూ చేయాల్సిన పని మానేస్తే మన పాత్ర ఆరోగ్యం తగ్గుతుంది, మొదట ఉండేది 50. అది సున్నాకు వస్తే ఒక లెవెల్, ఉన్న బంగారం, ఒక వస్తువు పోతాయి. పని ఒత్తిడి ఉన్న రోజుల్లో ఆ దెబ్బలు తగలకుండా ఆపుకునే వీలు కూడా ఉంది, తప్పకుండా వాడుకోండి. నా మటుకు నాకు ఈ శిక్షలు వద్దనిపించింది. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షకు చదివేవాళ్లకు ఇంట్లో కూడా కోత అవసరం లేదు.

ఒంటరిగా ఆడితే ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదేమో. గేముల్లో కలిసి ఆడే జట్టును పార్టీ అంటారు కదా, మా పార్టీలో అమ్మ, తమ్ముడు, నేను. అమ్మకు బీపీ మాత్రలు వేళకు వేసుకోవడం, సాయంత్రం నడక. తమ్ముడికి ఇంజినీరింగ్ బ్యాక్‌లాగ్‌లు. లెవెల్స్ గురించి చెప్పినప్పుడు అమ్మ "అయితే నాకేంది వచ్చేది అబ్బయా?" అని అడిగింది. దానికి జవాబు మాకు రొట్టెల పండుగలో దొరికింది. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో జరిగే పండుగ ఇది. ఉద్యోగం కావాలనుకున్నవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్ల చేతి నుంచి ఉద్యోగ రొట్టె తీసుకుంటారు. కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. కోరిక తీరినవాళ్లే ఇవ్వాలి. మా ఇంట్లోనూ అదే నియమం పెట్టుకున్నాం. ఎవరి లెవెల్ పెరిగితే వాళ్లే మిగతా ఇద్దరికీ ఏదో ఒకటి ఇవ్వాలి. అమ్మ లెవెల్ పెరిగితే మామిడికాయ వేసి చేపల పులుసు, నాది పెరిగితే నెల్లూరు మలైకాజా. దాంతో నా లెవెల్ కోసం నాకంటే వాళ్లిద్దరే ఎక్కువ ఎదురుచూస్తారు. "అన్నా, ఇంకెంత మిగిలింది?" అని తమ్ముడు అడుగుతుంటే పుస్తకం మూసి పడుకోబుద్ధి కాదు.

ఒక జాగ్రత్త. ఇష్టంగా చేసే పనులకు పాయింట్లు పెట్టకండి. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ పరిశోధకులు 1973లో ఒక అధ్యయనం ప్రచురించారు. బొమ్మలు వేయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఏ బహుమతీ లేనప్పుడు చూస్తే, ఆ పిల్లలు బొమ్మలకు వెచ్చించిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. చెప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల కనబడలేదు. అందుకే ఆదివారం సైకిల్ మీద తుమ్మలపెంట బీచ్‌కు వెళ్లడం నా పట్టికలో లేదు, ఎప్పటికీ చేర్చను.

మొదటి లెవెల్ చిన్నదిగా, 100 ఎక్స్‌పీకి పెట్టుకోండి, మూడు నాలుగు రోజుల్లో అందేలా. తర్వాత కొంచెం కొంచెంగా పెంచండి. మీరు చదివేది ఏ పరీక్షకో, రోజుకు ఎంతసేపు దొరుకుతుందో రాస్తే, పట్టికలో దేనికి ఎన్ని పాయింట్లు పెట్టాలో కలిసి చూద్దాం.