మన లారీయే అయినా రాత్రికి రాత్రి తెచ్చుకుంటే దొంగతనమే

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. ఉన్నది ఒక్క పది టైర్ల లారీ. ఫైనాన్సులో కొన్నాను, నేనే తోలుకుంటాను. విజయనగరంలో ఒక షెడ్డులో ఇంజిన్ ఫుల్లు పని చేయించాను. రూ.2,35,000 అన్నారు, 1,90,000 ఇచ్చాను. 38 రోజులు, 4,200 కిలోమీటర్లు తిరిగాక గ్రానైట్ లోడుతో వెళ్తుంటే రణస్థలం దాటగానే ఇంజిన్ పట్టేసింది. బండిని మళ్లీ ఆ షెడ్డుకే లాగించాను. నీళ్లు చూసుకోకుండా తోలావు, తప్పు నీదే అంటున్నాడు. మిగిలిన 45 వేలు, అంతకుముందు క్లచ్ పని బాకీ 18 వేలు, మళ్లీ ఇంజిన్ విప్పడానికి 80 వేలు కడితేనే బండి కదులుతుందంటున్నాడు. పెద్దమనుషుల్లో పెట్టాను. 14 నెలలు తిరిగినా తేలలేదు. నలుగురిలో అవమానించాడు. అమ్మాయి పెళ్లి వాయిదా పడింది. కిస్తీల కోసం ఇప్పుడు వేరేవాళ్ల బండి తోలుతున్నాను. రెండో తాళం నా దగ్గరే ఉంది. రాత్రిపూట క్రేను పెట్టి లాక్కొచ్చేయమని తోటి డ్రైవర్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అవమానం గురించి, పెళ్లి గురించి రెండు పేజీలు రాశారు. కేసు వాటితో తేలదు. తేలాల్సింది ఒక్కటే, ఇంజిన్ ఎందుకు పట్టేసింది? ఆ జవాబు ఇంకా ఇంజిన్ లోపలే ఉంది, ఎందుకంటే ఎవరూ విప్పలేదు. 80 వేలు ఇవ్వలేకపోవడమే మీకు కలిసొచ్చింది. ఇచ్చి ఉంటే ఈపాటికి కాలిన బేరింగులు పాత ఇనుముకింద అమ్ముడైపోయేవి, మీ సాక్ష్యమూ వాటితోపాటే పోయేది.

ముందు ఆ తాళం ఇంట్లో పెట్టి మరిచిపోండి. కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద పనిచేసినవాడు తన కూలి అందేదాకా దాన్ని ఆపుకోవచ్చు. అలా ఆపుకున్న వస్తువును సొంతదారే దొంగచాటుగా పట్టుకుపోతే అది దొంగతనం అవుతుందని భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ గడియారం ఉదాహరణతో చెబుతుంది. బాగుచేసిన బాకీ కింద ఆపిన తన గడియారాన్ని సొంతదారు తీసుకుపోతాడు, దొంగ అవుతాడు. మీది గడియారం కాదు, సరుకు రవాణా బండి. దానికి 305వ సెక్షన్ వేరే ఉంది, ఏడేళ్ల వరకు శిక్ష. చివరకు కేసు నిలవకపోవచ్చు. ఈలోగా ఎఫ్ఐఆర్ పడుతుంది, బండి స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి వానకు తడుస్తుంది, వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదుదారు కావాల్సిన మీరు ముద్దాయి అవుతారు. తోటి డ్రైవర్లు బెయిలుకు రారు.

అలాగని అతను అడిగినదంతా కట్టాలని కాదు. ఆపుకునే హక్కు ఈ పని కూలికే. పాత క్లచ్ బాకీకి ఈ బండిని ఆపే హక్కు లేదు, కావాలంటే దానికి వేరే దావా వేసుకోవాలి. ఇంకా చేయని పనికి 80 వేలు అసలే కుదరదు. అతను చట్టం చూపించి నిలబడగలిగేది మహా అయితే 45 వేల మీదే. ఆ డబ్బు ఎలాగో తెచ్చి బ్యాంకు ద్వారా పంపండి, నగదు వద్దు. పని లోపం గురించి నా హక్కులు వదులుకోకుండా, బండి విడిపించుకోవడానికే కడుతున్నానని అదే రోజు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. తప్పు చేసినవాడికి మళ్లీ డబ్బా అని మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ డబ్బు చేరాక బండిని ఆపడానికి అతనికి ఆధారం ఉండదు. అప్పటికీ వదలకపోతే వినియోగదారుల చట్టం 38(8) కింద, కేసు తేలేలోపే బండి ఇప్పించమని కమిషన్‌ను మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు.

నోటీసులో ఇంకో రెండు మాటలు తప్పనిసరి: ఇంజిన్ విప్పొద్దు, మొదటి పనిలో తీసిన పాత సామాన్లు పారేయొద్దు. ఇంజిన్ విప్పించడానికి మీరు తేదీ చెప్పి, ఆ రోజు లైసెన్సున్న మోటారు సర్వేయరును (బండి నష్టాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చేవాడు) పిలిచి, షెడ్డు యజమానిని కూడా రమ్మనండి. రాకపోతే రాలేదని రాసుకుంటారు. బండి తీసుకునే ముందు ఆయిల్ చాంబర్ బోల్టుల మీదుగా, హెడ్డు అంచు మీదుగా పెయింటు గీత గీసి ఫొటోలు తీయండి. గీత తెగితే ఎవరో ముట్టుకున్నట్టే.

విప్పినప్పుడు సర్వేయరు ఏం చూడాలో మీకు తెలిసి ఉండాలి. నీళ్లు తగ్గి వేడెక్కిన ఇంజినులో సాధారణంగా పిస్టన్లు, లైనర్లు గీరుకుపోతాయి, హెడ్డు వంగుతుంది, కింద బేరింగులు అంతగా చెడవు. ఆయిల్ అందకపోతే బేరింగుల పైపొర కరిగి తుడిచేసినట్టుంటుంది, క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) ఆ చోట నీలంగా మారుతుంది. ఈ రెండో రకం అయితే బేరింగు తిప్పి వెనక వైపు చూడమనండి. అక్కడ సైజు ముద్ర ఉంటుంది: స్టాండర్డ్, 0.25, 0.50. క్రాంకును 0.25 మి.మీ. గ్రైండింగు చేసి (అరగదీసి) స్టాండర్డ్ బేరింగు వేసి ఉంటే సందు పెరిగి ఆయిల్ ప్రెషర్ నిలవదు. మైక్రోమీటరుతో క్రాంకు కొలత, ఆ ముద్ర ఫొటో, రెండూ నివేదికలో పక్కపక్కన ఉంటే అవతలి వకీలుకు పెద్దగా చెప్పడానికి ఉండదు. బేరింగు పొరలో గ్రైండింగు రవ్వ గుచ్చుకుని ఉన్నా కడగకుండా బిగించారనడానికి ఆధారమే. ప్రతి బేరింగుకీ సిలిండరు నంబరు రాసి సీలు వేసి దాచండి.

ఇక మీ నిర్లక్ష్యం. రెండు లక్షల పైచిలుకు పనికి మీ దగ్గరున్నది తెల్లకాగితం మీద అంకెలు. జీఎస్టీ బిల్లు అడగలేదు, ఏ సామాను వేశారో జాబితా లేదు. ఆ కాగితం మీదే మొదటి ఆయిల్ 1,000 కిలోమీటర్లకు మార్చాలని అతను రాశాడు. మీరు పలాస దగ్గర రోడ్డు పక్క షాపులో మార్చారట, రసీదు లేదట. అవతలివాళ్లు మొదట పట్టుకునేది దీన్నే. ఆ షాపుకి ఫోన్లో డబ్బు పంపి ఉంటే ఆ లావాదేవీ తీయించండి, షాపతనితో ప్రమాణపత్రం రాయించండి. మీరు ఆ రోజు ఆ దారిలో తిరిగారని చూపడానికి ఫాస్టాగ్ స్టేట్‌మెంటు తెప్పిస్తే మడపాం టోల్‌గేటు దాటిన తేదీలు, వేళలు దొరుకుతాయి. ఎక్కువ లోడు వేశావంటారు. కాటా చీటీలు దాచకుండా తెండి. బరువు ఆర్సీలో ఉన్న పరిమితి దాటి ఉంటే అది అవతలివాళ్ల నోటి నుంచి కాకుండా ముందే మీ వకీలుకు తెలియాలి. షెడ్డు యజమాని వాయిస్ మెసేజులున్న ఫోన్ మార్చకండి, స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయించండి.

కమిషన్లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. ఇంజిన్ ఆగిన రోజు నుంచి లెక్కపెడితే మీకు మిగిలింది పది నెలలు. పెద్దమనుషుల్లో గడిపిన కాలాన్ని చట్టం మినహాయించదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించవచ్చు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. పైగా ఒక వర్షాకాలం దాటింది, తుప్పు పడితే ఇంజిన్ లోపలి గీరుడు గుర్తులు ఏవి పాతవో ఏవి కొత్తవో చెప్పడం కష్టం. మీరు శ్రీకాకుళం జిల్లావాసి కాబట్టి షెడ్డు విజయనగరంలో ఉన్నా ఫిర్యాదు శ్రీకాకుళం జిల్లా కమిషన్లో వేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు.

సరుకు తోలే లారీ వ్యాపారమే కదా, మీరు వినియోగదారు కాదని అవతలివాళ్లు అంటారు. సొంతంగా తోలుకుని బతుకుతెరువు చూసుకునేవాడు వినియోగదారే అని లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులో 1995లో సుప్రీంకోర్టు లారీనే ఉదాహరణగా తీసుకుని చెప్పింది. ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఫర్వాలేదంది. ఇప్పుడు వేరేవాళ్ల బండి తోలడం అడ్డు కాదు, పని చేయించిన నాటికి మీరే తోలుతున్నారన్నది ముఖ్యం. నోటీసులో ఎక్కడా 'మా ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం' అని రాయకండి. డ్రైవింగ్ లైసెన్సు, ట్రిప్పు చీటీలు జతపరచండి.

కిస్తీలన్నీ, 14 నెలల ఆదాయమంతా అడిగితే అంతా రాదు. డీజిలు, టైర్లు, టోలు తీసేసి నికరంగా మిగిలేదెంతో బ్యాంకు స్టేట్‌మెంటుతో చూపగలిగినంతే అడగండి. బండి తిరగడం లేదని రవాణా శాఖకు ముందుగా రాసిచ్చారా లేదా ఉత్తరంలో లేదు. ఇవ్వకపోతే వచ్చే క్వార్టరు మొదలయ్యేలోపు ఇవ్వండి, లేదంటే షెడ్డులో పడి ఉన్న బండికీ పన్ను అడుగుతారు.