అంగన్‌వాడీ పిల్లల ఆటను పరీక్షించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు అక్షరాలు, లెక్కింపు నేర్పే ట్యాబ్ ఆట తయారు చేస్తున్నామనీ, అంతా పూర్తయ్యాక అంగన్‌వాడీకి తీసుకెళ్లి పిల్లలకు చూపిస్తామనీ రాశావు. ఆ ‘పూర్తయ్యాక’ అన్న మాట చదివాక ఊరుకోలేక వెంటనే ఈ ఉత్తరం రాస్తున్నాను. రంగులు వేసి, గొంతులు రికార్డు చేసి, ప్రోగ్రామంతా రాసేశాక పిల్లల దగ్గర ఒక లోపం బయటపడితే దాన్ని మార్చడానికి ఎవరికీ మనసొప్పదు. అదే అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో గీసిన బొమ్మ అయితే అక్కడికక్కడే పక్కన పెట్టి ఇంకొకటి గీయవచ్చు. పిల్ల అట్టమీద వేలు పెట్టగానే నువ్వే నోటితో చప్పుడు చేసి తర్వాతి అట్ట ముందుకు జరుపు. నాలుగేళ్ల పిల్లకు అదీ ఆటే. ఐదారుగురితో ఆడించి, కనిపించిన లోపాలు సరిచేసుకుని, తర్వాత వేరే పిల్లల దగ్గరకు వెళ్లు.

ఆట ఎలా ఉందని పిల్లలను అడిగి తెలుసుకోవచ్చని మాత్రం అనుకోకు. ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా బొమ్మలు వరుసగా పెట్టి ఏది నచ్చిందో చూపించమంటే, ఆ వయసు వాళ్లు చాలావరకు అన్నిటికన్నా పెద్ద నవ్వునే చూపిస్తారు. ఎదుటి మనిషి సంతోషపడాలని వాళ్ల ఆరాటం. కాబట్టి చూపునూ చేతినీ గమనించు. 1960ల చివర్లో న్యూయార్క్‌లో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమం తయారవుతున్నప్పుడు, ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు టీవీ పక్కన మరో తెర పెట్టించి, దానిమీద ఏడున్నర సెకన్లకొక బొమ్మ మారేలా చేసి, పిల్లల చూపు టీవీని వదిలి ఎప్పుడు అటు మళ్లుతోందో నమోదు చేయించాడు. నీకు అంత సరంజామా అక్కరలేదు. ట్యాబ్ పక్కన గుప్పెడు చింతగింజలు, రెండు రంగు పెన్సిళ్లు ఉంచి, ఆటలో ఏ చోటికి వచ్చేసరికి పిల్ల చెయ్యి వాటివైపు వెళ్లిందో రాసుకో.

ఒకసారి నేనొక పాపను గంటలో పావువంతు సేపు చూస్తూ కూర్చున్నాను. ఎన్నిసార్లు నొక్కినా ఆటలోని చిలక ఎగరడం లేదని మా బృందంలో అందరూ ట్యాబునే అనుమానించారు. నేను వంగి చూస్తే, ఆ పాప ట్యాబ్ జారిపోకుండా ఎడమచేత్తో అంచును గట్టిగా పట్టుకుంది, ఆ బొటనవేలు తెరమీదే ఆనుకుని ఉంది. రెండు చోట్ల తాకిడి ఉండటంతో కుడిచేతి వేలిని ఆట లెక్కలోకి తీసుకోవడం లేదు. అంచుల వెంబడి కాస్త జాగాలో తాకిడి పనిచేయకుండా చేస్తే ఆ చిక్కు తీరిపోయింది. ఇటువంటిది ఏ ప్రశ్నకూ జవాబుగా రాదు, పిల్ల పక్కన నేలమీద కూర్చున్న మనిషికే కనిపిస్తుంది.

ఇంకొక ఆటలో తప్పు జవాబుకు కప్ప బెకబెకమని నీళ్లలోకి దూకేది, సరైన జవాబుకు చిన్న గంట మోగేది. పిల్లలు కప్ప కోసం కావాలనే తప్పులు నొక్కుతుంటే మేము వాళ్లకు అంకెలు రావడం లేదని రాసుకున్నాము. ఆ కాగితాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధ కలుగుతుంది. తప్పుకు జవాబు నెమ్మదిగా ఉండాలి, వేడుకంతా ఒప్పు వైపే ఉండాలి.

అక్షరాల బొమ్మల విషయంలో మరింత జాగ్రత్త పడు. ‘ఆ’ అనే అక్షరానికి ఆనపకాయ బొమ్మ వేశారని రాశావు. గోదావరి జిల్లాల పిల్లకు అది ఆనపకాయే గాని, రాయలసీమలో అదే కాయను సొరకాయ అంటారు. అక్కడి పిల్ల ‘సొ’ కోసం వెతికి, దొరకక, తనకే రాదనుకుంటుంది. ప్రతి బొమ్మనూ ముందుగా వేర్వేరు ప్రాంతాల పిల్లలకు చూపించి ‘ఇదేంటమ్మా?’ అని మాత్రమే అడిగి, వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకో. రెండు పేర్లున్న బొమ్మను తీసెయ్యడమే మేలు.

లెక్కింపు ఆటలో ఎక్కువ తక్కువలు అడిగేటప్పుడు రెండు వరుసల పొడవు చూసుకో. ఐదు గింజలను దూరదూరంగా పేరిస్తే, దగ్గరగా పేర్చిన ఐదింటికన్నా అవే ఎక్కువని నాలుగేళ్ల పిల్లలు చాలామంది అంటారు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చాలాకాలం క్రితమే చూపించిన ఈ సంగతిని మరచిపోతే నీ ఆట కొలిచేది ఒకటి, నువ్వు అనుకునేది మరొకటి అవుతుంది.

తల్లిదండ్రుల అనుమతి తీసుకోకుండా వీడియో తియ్యకు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అయితే సంతకం పెట్టింది తల్లి, ఆడేది పిల్ల. పిల్ల ముఖం తిప్పుకుంటే ఆ రోజుకు ఆపెయ్యాలి. తల్లి దగ్గర కూర్చుంటే పిల్లకు ధైర్యంగా ఉంటుంది కాని, జవాబు చెవిలో చెప్పకుండా ఉండలేదు. అందుకని ఆమెను కాస్త వెనగ్గా కూర్చోబెట్టి, మేము పరీక్షిస్తున్నది ఆటను, మీ పాపను కాదని ముందే మర్యాదగా చెప్పు. ఇద్దరు స్నేహితులను కలిపి ఆడిస్తే, మనతో చెప్పనివన్నీ వాళ్లలో వాళ్లు చెప్పుకుంటారు.

ఒక్కొక్కరితో పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు చాలు. ఆపే ముందు ‘ఇంకా రెండుసార్లే’ అని చెప్పి, రెండోసారి అయ్యాక ట్యాబ్ మూసే పని పిల్లకే అప్పగించు. చేతిలోంచి లాక్కుంటే మరునాడు నిన్ను చూసి దాక్కుంటుంది. మొదటి విడత అట్టలు గీయగానే వాటి ఫోటోలు నాకు పంపు.

ఇట్లు,
మీ అత్తయ్య